రేకు మందం

బోర్లించిన కుండ మీద
తడిగుడ్డ ఒక్కసారి పరిస్తే రేకు,
రెండోసారి పరిస్తే అట్టు.
ఇరవై రెండేళ్లుగా నా ముంజేతికి తెలిసిన లెక్క ఇది.

కుండ నోట్లో కొబ్బరాకులు మండుతుంటాయి.
నా మొహం దానికి మూరెడు దూరం.
పూతరేకు కొనుక్కుపోయే వాళ్లకి
ఆ మూరెడు సంగతి తెలియదు.

మొదట ముక్కు పక్కన ఎరుపొచ్చింది.
ఎరుపంటే ఎరుపు కాదు,
నా చాయ మీద అది కాలిన ఇటుక రంగు.
వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్లు తాగాను.
మంగన్నారు, గంధం అరగదీశాను.
మందులషాపు కుర్రాడిచ్చిన తెల్ల ట్యూబు
నెల్లాళ్లు చల్లగా ఉంది.
మానేసిన మూడో రోజు
చెంపల్లో చీమలపుట్ట పగిలింది.
నూకరత్నం నవ్వుతూనే అడిగింది,
"ఏటే, నువ్వూ మొదలెట్టావా చుక్క?"

ఆత్రేయపురంలో ఎక్కి, బొబ్బర్లంక దాటి,
బ్యారేజీ మీదుగా రాజమండ్రి.
కిటికీ ఎండ పడకుండా
చీర చెంగు మొహం నిండా.

"రోజేసియా" అంది డాక్టర్ ఝాన్సీ.
గులాబీలాంటి పేరు
ఈ జబ్బుకి ఎవరు పెట్టారో!
పోదట, తగ్గుతుందట.
చెవి పక్కన ఒక్క చుక్క కొట్టి చూసి
నెల ఆగి రమ్మంది.

కళ్లకి ఇనుప మూతలు.
చల్లటి గాలి ఒక్క పిసరు,
వెంటనే రబ్బరు బ్యాండు సాగదీసి వదిలినట్టు.
మూతల వెనక కూడా మెరుపు.
"ఒక్కో చోట ఒక్కసారే, రెండోసారి వేస్తే కాలుద్ది" అంది.
అప్పుడు కుదిరింది నాకు నమ్మకం.
ఆవిడా రేకు తీసే మనిషే.

తెల్లారి అద్దంలో పదకొండు మరకలు,
రూపాయి బిళ్లంత,
నేరేడు పళ్లు చిదిమినట్టు.
ఇలాగే ఉంటుందని కాయితం మీద రాసిచ్చింది:
తడిగుడ్డ, ఎత్తు దిండు, ఎండ వద్దు, పొయ్యి వద్దు,
కారం వద్దు, పొగలు కక్కే టీ వద్దు.
కాయితం నాకిచ్చింది గానీ
ఊరికివ్వలేదు కదా.

పాలకేంద్రం దగ్గర ఏడుకొండల్ని
ఎవరూ పలకరించలేదట.
వాళ్ల మేనత్తే గేటు దగ్గర నిలబడి
"ఆడకూతుర్ని అలా బాదుతావేరా" అని కేకలేసింది.
కోడిని కొయ్యమంటే
మొహం తిప్పుకునే మనిషి.
నోరు విప్పలేదు.
చీటీ పాట డబ్బు సంగతి
ఎవరికీ చెప్పొద్దన్నది నేనే.
పాలక్యాను కింద పెట్టి
నా తడిగుడ్డ మార్చి వెళ్లాడు.

ఆరో రోజుకి నేరేడు పోయి
పండు అరటి రంగొచ్చింది.
తెల్లటి క్రీము, పిండి పూసినట్టు పూసుకుని
గొడుగేసుకుని నేనే వెళ్లాను పాలకేంద్రానికి.
మొత్తం చెప్పాను, అంకెతో సహా.

"పన్నెండు వేలా! మొహానికా!"
క్షణం మౌనం.
తర్వాత అందరూ ఒక్క గొంతుతో
"పాపం ఏడుకొండలు."

ఇంటికొచ్చి చెబితే ఆయన నవ్వాడు.
నాకే నవ్వు రాలేదు,
నవ్వితే చెంప లాగుతుంది ఇంకా.

ఇంకా మూడు సార్లు పోవాలి.
మధ్యలో మళ్లీ రావచ్చని కూడా చెప్పింది డాక్టరు,
నిప్పుకి దూరంగా ఉంటే మంచిదంది.
చెయ్యి చాచినంత దూరం నుంచి
ఎవరు తీస్తారు రేకు?
ఫ్యాను పెడితే పరిచిన రేకు ఎగిరిపోతుంది.
వారం రోజులు మడతలే చుట్టాను,
బెల్లం పొడి, నెయ్యి, బెల్లం పొడి,
సగం కూలి.

నిన్న సాయంత్రం ఆయన
పాత పశువుల పాక కప్పు మీది రేకు ఒకటి
సుత్తితో వంచి తెచ్చాడు.
కుండ నోటికీ నాకూ మధ్య నిలబెట్టి
వెనక్కి జరిగి చూశాడు.
వంకరగా ఉంది. చప్పుడు చేస్తుంది.
దాని వెనక కూర్చుని
గుడ్డ ముంచాను, పరిచాను.

మొదటిది చిరిగింది.
మంట కనబడక అంచనా తప్పింది.
రెండోది కుండ మీంచి లేపి
దీపానికి అడ్డం పెట్టి చూశాను.

అవతల ఆయన కనబడ్డాడు.